ముప్పయ్యో పొటెన్సీలో రాజమల్లు గారి దీక్ష

ప్రత్యేక తెలంగాణ కోసం సాగుతున్న సకల జనుల సమ్మె సందర్భంగా కోరుట్ల బస్టాండు ఎదుట వేసిన నిరాహార దీక్షా శిబిరంలో సమితి కన్వీనరు రాజమల్లు గారు పదకొండో రోజు కూడా చెక్కుచెదరకుండా కూర్చున్నారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఆ సమయంలో ఆయన ఇంట్లో భోంచేస్తున్నారన్నది పట్టించుకోదగ్గ విషయం కాదు. దీక్ష ఆయనది. కూర్చున్నది కొమురవ్వ.

కొమురవ్వ ముప్పై ఏళ్లుగా బీడీలు చుట్టిన మనిషి. సమ్మెలో కార్ఖానాకు ఆకు రాక పని ఆగింది గానీ దగ్గు ఆగలేదు. దగ్గినప్పుడు కొంగుకు నెత్తురు అంటుతోంది. వాడకట్టుకు మందులిచ్చే నర్సమ్మ భయపడి, జగిత్యాల పోయి ఎక్స్‌రే తీయించుకొమ్మని చీటీ రాసిచ్చింది. బస్సులన్నీ డిపోలో పడుకున్నాయి. అడ్డంకి లేకుండా తిరిగేది రాజమల్లు గారి కారొక్కటే, దాని మీద జెండా ఉంది కనుక.

"ఒక్కపూట నా జాగల కూసో అవ్వా. రేపు పొద్దుగాల కారు తోలిస్త" అన్నారు రాజమల్లు గారు.

"ఎక్స్‌రే అయితదంటే కూసుంట అన్నా. గా నెత్తురు జూస్తె బుగులైతంది" అని కొమురవ్వ కూర్చుంది.

న్యాయంగా చెప్పాలంటే మొదటిరోజు రాజమల్లు గారు స్వయంగా పదింటి దాకా ఉన్నారు. రెండోరోజు ఫొటో దాకా ఉన్నారు. మూడోరోజు ఆయన కండువా కుర్చీ మీద ఉంది. నాలుగోరోజు కండువా ఉతుకుడుకు పోగా, సిరిసిల్ల గుడ్డతో కుట్టిన బ్యానరు మీద పేరు మాత్రం మిగిలింది. కొందరు గుసగుసలాడారు. అప్పుడు శిబిరం వైద్య పర్యవేక్షకులు, పోస్టులో పాఠాలు తెప్పించుకుని హోమియో డిప్లొమా సాధించిన డాక్టర్ ఆనంద్ గారు మైకందుకున్నారు.

"మిత్రులారా! మా శాస్త్రంలో మందు ఎంత పలుచనైతే అంత బలం. ఒక చుక్క మందును తొంభై తొమ్మిది చుక్కల స్పిరిటులో కలిపి కుదుపుతాం. అందులోంచి ఒక చుక్క తీసి మళ్లీ కలిపి కుదుపుతాం. ఇట్ల ముప్పైసార్లు! చివరికి సీసాలో మందు ఉండదు, దాని శక్తి మాత్రమే ఉంటది. రాజమల్లన్న ఈ శిబిరంలో ముప్పయ్యో పొటెన్సీలో ఉన్నడు. ఢిల్లీ తట్టుకోలేదు!"

చప్పట్లు మారుమోగాయి. కుదుపుడు కోసం నినాదాలు ఇచ్చారు. స్పిరిటు స్థానంలో ఉన్న కొమురవ్వ దగ్గింది.

శాస్త్రం పట్ల రాజమల్లు గారి నిబద్ధత ఎంతటిదంటే, కారు హామీని కూడా ఆయన అదే పద్ధతిలో తయారుచేశారు. మొదట "రేపు తోలిస్త" అన్నారు. తర్వాత "డ్రైవరు సోహైల్‌కు చెప్పిన" అన్నారు. ఆ తర్వాత "సోహైల్‌కు చెప్పాలె, యాదిజెయ్యి" అన్నారు. తొమ్మిదోరోజు తల మాత్రం ఊపారు. అంతటి శక్తిగల హామీ ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ దొరకలేదు.

ఈలోగా డాక్టర్ గారు కొమురవ్వకు తంబాకుతో తయారైన తెల్లటి గోలీలిచ్చారు. ఏది రోగం తెస్తుందో అదే రోగం తీస్తుందట.

"ముప్పయేండ్లు ముక్కుతోని తంబాకే పీల్చిన గదా సారూ! గది మందే అయితే నాకు దగ్గెందుకొస్తది?" అంది కొమురవ్వ.

"అది చిక్కటిది అవ్వా. అందుకే పనిచేయలే" అన్నారాయన ఓపికగా.

పదకొండో రోజు మధ్యాహ్నం, యాటకూర భోజనం మధ్యలో, రాజమల్లు గారికి ఛాతీలో పట్టేసింది. రెండు నిమిషాల్లో కారు ఆయన్ను ఎక్కించుకుని శిబిరం ముందుకొచ్చింది. డాక్టర్ గారు గోలీల పెట్టె వేదిక మీదే వదిలి ముందు సీట్లోకి దూకారు.

కొమురవ్వ చీటీ పట్టుకుని అడ్డం పోయింది. "అన్నా, జగిత్యాలకే గదా! నన్నుగూడ ఎక్కిచ్చుకోండ్రి, మీ కాల్మొక్త!"

"జరుగవ్వా, ఇది పానం మీదికొచ్చిన కేసు!" అన్నారు డాక్టర్ గారు. కారు వెళ్లిపోయింది.

సాయంత్రానికి అందరూ క్షేమంగా తిరిగొచ్చారు. గ్యాసని తేలింది. పైగా ఎక్స్‌రే కూడా తెచ్చారు. డాక్టర్ గారు దాన్ని వెలుతురుకు పట్టి చరిత్రాత్మక ప్రకటన చేశారు.

"కొమురవ్వ పదకొండు రోజులు రాజమల్లన్న బదులు కూర్చున్నది. ఆమె ఆకలి ఆయన ఆకలైనప్పుడు ఆయన ఎక్స్‌రే ఆమె ఎక్స్‌రే ఎందుకు కాదు? చూడండి, ఊపిరితిత్తులు అద్దంలెక్క ఉన్నయి. మాట నిలబెట్టుకున్న నాయకుడికి జై!"

నర్సమ్మ రాసిచ్చిన చీటీ మీద డాక్టర్ గారే 'పరీక్ష పూర్తయింది' అని రాసి సంతకం చేశారు.

కొమురవ్వ ఆ చీటీని, ఆ తర్వాత ఇద్దరి మొఖాలను చూసింది. ఎర్రమరక ఉన్న కొంగు పైకెత్తింది. "మరి గీ నెత్తురు గూడ సారు పేరు మీదనే రాసుకోండ్రి. గిదొక్కటి నాదెట్లయింది?" అంది. జనం నవ్వారు. అవ్వ మంచి మాటకారి అని మెచ్చుకున్నారు.

తెల్లారి కొమురవ్వ శిబిరానికి రాలేదు. చీటీ కొంగున ముడేసుకుని జగిత్యాలకు నడక పట్టింది. దీక్షకేమీ భంగం కలగలేదు. కుర్చీలో ఇప్పుడు ఆమె కూడా లేదు కనుక పొటెన్సీ రెండు వందలకు పెరిగిందని డాక్టర్ గారు ప్రకటించారు. ఖాళీ కుర్చీకి దండ వేశారు.

కొమురవ్వ చేరిందా అని అడుగుతారు మీరు. మేడిపల్లి దాటాక రోడ్డు పక్కన కూలబడి దగ్గుతుంటే చూసినవాళ్లున్నారు. జెండాలు కట్టిన బండ్లమీద వెళ్తూ ఆమెకు జై కొట్టారు, పాపం అనుకున్నారు, పోయారు. మీరు కూడా ఇప్పుడు పాపం అనుకున్నారు. సంకోచించకండి. ఇంత దూరంలో, ఇన్నేళ్ల తర్వాత, కుర్చీలోంచి లేవకుండా పడ్డ జాలి కంటే పలుచనిది ఇంకోటి లేదు. ఆమెకు తప్పకుండా పనిచేస్తుంది.