లిఫ్టెక్కే అర్హత

ఏమీ సాధించని మనిషిని మోయడం విద్యుత్తుకే అవమానమని మా అపార్టుమెంటు సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. లిఫ్టు దగ్గర తోపులాట ఎక్కువైంది కాబట్టి, ఇకమీదట ముందురోజు ఏదో ఒకటి సాధించినవాళ్లే అందులో ఎక్కాలి. మిగతావాళ్లకు మెట్లున్నాయి. (మెట్లను సంఘం ఎవరికీ నిషేధించలేదు. ఆ ఉదారత గమనించాలి.)

తీర్మానం ప్రవేశపెట్టింది కార్యదర్శి. చెత్తబుట్ట బయట పెట్టడానికి కూడా టై కట్టుకుని వస్తాడు కనుక ఆయన్ని టై సారు అంటాం. విజయాలను విచారించే బాధ్యత లిఫ్టతనికి అప్పగించారు.

మొదటిరోజు పళ్ల డాక్టరు అలారం కంటే ముందే లేచానని చెప్పి ఎక్కాడు. మూడో అంతస్తు పసివాడు బోర్లా పడ్డాడని రుజువైంది గనుక వాణ్ణి లిఫ్టతను ఎత్తుకుని పైకి తీసుకెళ్లాడు. వాళ్లమ్మ బోర్లా పడలేదు. మెట్లెక్కి వచ్చి వాణ్ణి అందుకుంది.

చిక్కంతా మా అన్నయ్య భార్యకు వచ్చింది. వదినా నేనూ ఐదో అంతస్తులో ఉంటాం. ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. మెట్లెక్కితే మంచాన పడతారని ఎముకల డాక్టరు ముందే చెప్పాడు.

"నిన్న ఏం సాధించారమ్మా?" అన్నాడు లిఫ్టతను.

"వంట చేశా. గిన్నెలు కడిగా. బట్టలు ఆరేశా."

"అవి మొన్న కూడా చేశారుగా. కొత్తదేమైనా చెప్పండి."

"మొన్న తిన్నవాళ్లకి నిన్న మళ్లీ ఆకలేసింది నాయనా. నన్నేం చెయ్యమంటావ్?"

రూలు రూలే. వదిన రెండో అంతస్తులో కూలబడి, టై సారుని ఏడు తరాలతో సహా తలుచుకుని, లేచి మళ్లీ ఎక్కింది.

మర్నాడు లిఫ్టతను అడగకముందే విరుచుకుపడింది. "ఈ మోకాళ్లతో ఐదంతస్తులు ఎక్కి చచ్చాను. చాలా?"

అతను టై సారుకి ఫోన్ చేశాడు. "అద్భుతం! ఎక్కించు" అన్నాడాయన.

ఎక్కింది. లిఫ్టులో వెళ్లినందువల్ల ఆ రోజు ఏమీ సాధించనట్టయింది. కనుక మర్నాడు మెట్లు. ఇలా రోజు విడిచి రోజు సాగుతుండగా, చేసిందే చేస్తే విజయం కాదని సంఘం వివరణ ఇచ్చింది. వదిన కమ్మీ పట్టుకోకుండా ఎక్కింది. తర్వాత నీళ్ల క్యాను మోస్తూ ఎక్కింది. తర్వాత పాట పాడుతూ ఎక్కింది. జనం మలుపు మలుపునా నిలబడి చప్పట్లు కొట్టారు. మొదట్లో తిట్టుకుంటూ ఎక్కిన మనిషి, ఇప్పుడు తల దువ్వుకుని బయల్దేరసాగింది.

చివరికి మోకాళ్లు గుమ్మడికాయల్లా వాచాయి. డాక్టరు ఆమెను ఆస్పత్రిలో పడుకోబెట్టాడు.

ఆమె ఆస్పత్రిలో ఉండగా ఒకరోజు, నిన్న ఏం సాధించారని లిఫ్టతను అడిగితే టై సారు నీళ్లు నమిలాడు. "ఈ రూలు పెట్టింది నేనే కదయ్యా!"

"అది పోయిన నెల సార్."

ఆయన అక్కడికక్కడే రూలు రద్దు చేసి, రద్దు చేసిన ఘనతతో లిఫ్టెక్కి వెళ్లిపోయాడు.

వదినను ఇంటికి తీసుకొచ్చాను. లిఫ్టు తెరిచి ఉంది.

"రండమ్మా, ఇప్పుడెవర్నీ ఏమీ అడగట్లేదు" అన్నాడు లిఫ్టతను.

వదిన గుమ్మం దగ్గరే ఆగిపోయింది. "ఇన్నాళ్లూ పడుకునే ఉన్నానయ్యా. ఏం మొహం పెట్టుకుని ఎక్కను?"

"నొప్పిగా ఉంది కదా వదినా, చాలదా?" అన్నాను.

"నొప్పిదేముంది, అందరికీ ఉంటుంది" అంటూ మెట్లవైపు తిరిగింది.

లిఫ్టు ఖాళీగానే పైకి వెళ్లింది. దాన్ని ఎవరూ ఏమీ అడగలేదు.