కొత్తగా దొరికిన పాత పాట

గత ఆదివారం సాయంత్రం మునిసిపల్ హాల్లో ఒక పాటకు స్వర్ణోత్సవం జరిగింది. పాటకు అప్పటికి నిండా ఎనిమిది నెలలు లేవు. యాభై ఏళ్ళకూ ఎనిమిది నెలలకూ మధ్య ఉన్న ఈ స్వల్ప వ్యత్యాసాన్ని సభికులెవరూ లెక్కచేయలేదు. సంగీతం విషయంలో అంకెలు పట్టుకుని వేలాడేవాళ్ళు రసహీనులని అధ్యక్షులవారు ప్రారంభోపన్యాసంలోనే తేల్చేశారు.

ఆ పాట కట్టిన మనిషి హాల్లో చివరి వరుసలో, ఫ్యాను గాలి అందని చోట కూర్చుని ఉంది. ఆమె ఒక స్కూల్లో సంగీతం టీచరు. ఇంట్లోనూ వీధిలోనూ అందరూ కోడలమ్మాయి అనే అంటారు కనుక మనమూ అలాగే అందాం.

పాట పుట్టిన వైనం చాలా మామూలుది. పోయిన వేసవిలో భర్త పనిమీద పొరుగూరు వెళుతూ, ఆమె ఫోను చార్జరు తన సంచిలో వేసుకుపోయాడు. ఫోను చచ్చిపోయింది. కరెంటు కూడా పోయింది. చీకట్లో కూర్చుని ఏమీ తోచక ఆమె కూనిరాగం తీసింది.

“కిటికీ తెరిచే ఉంచాను, గాలే దారి తప్పింది,
చార్జరు నీతో వెళ్ళింది, చీకటి నాతో మిగిలింది.”

పల్లవి అలా వచ్చేసింది గానీ చరణాలు అంత సులువుగా లొంగలేదు. పొయ్యిమీద పాలు పొంగుతుంటే ఒక మాట దొరికేది. స్కూలు బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడితే ఇంకో మాట దొరికేది, దిగేలోపు జారిపోయేది. వేసవి గడిచేసరికి పాట పూర్తయింది. తనే పాడి, ఫోనులో రికార్డు చేసి, ముందు గదిలో అందరినీ కూర్చోబెట్టి వినిపించింది. అందరూ అంటే భర్తా, అత్తగారూ.

భర్తకు మైకుల రిపేరు షాపు ఉంది. చేతిలో ఉన్న స్క్రూ డ్రైవరు మీంచి కళ్ళెత్తకుండానే “బాగుంది” అన్నాడు. కూరకూ అదే అంటాడు, కొత్త కర్టెన్లకూ అదే అంటాడు. అత్తగారు మాత్రం పల్లవి వరకు ఓపిక పట్టారు.

“అమ్మాయ్, నువ్వు కష్టపడ్డావు, కాదనను,” అన్నారు లేచి నిలబడుతూ. “నీ తప్పు కాదులే. ఇప్పటి పాటలన్నీ ఇంతే, గిన్నెల బుట్ట బోర్లా పడ్డట్టుంటాయి. ఆ రోజుల్లో పాటంటేనా... పోనీలే, చెప్పినా మీకు అర్థం కాదు.”

కోడలమ్మాయి ఫోను మూసేసి లోపలికి వెళ్ళి ఉల్లిపాయలు తరిగింది. ఏడవడానికి ఆ ఇంట్లో అంతకంటే గౌరవమైన పద్ధతి లేదు.

తరువాత కొన్ని వారాలకు భర్త ఒక పాత స్పీకరు ఇంటికి మోసుకొచ్చాడు. ఎవరి గోదాములోనో చెమ్మలో నానిన సరుకు. లోపలి కాగితం గరాటా అడ్డంగా చిరిగిపోయి ఉంది. పలుకుతుందో లేదో చూద్దామని దగ్గరలో ఉన్న భార్య ఫోనే దానికి తగిలించాడు. అప్పడాలు వేగుతున్నట్టు చప్పుడు మొదలైంది. ఆ చప్పుడు అడుగున, నూతిలోంచి ఎవరో పిలుస్తున్నట్టు, కోడలమ్మాయి పాట వినిపించింది.

వెనక గదిలో బట్టలు మడతపెడుతున్న అత్తగారు సగం మడిచిన తువ్వాలుతోనే వచ్చారు. “ఒరేయ్, ఆపకు,” అని అక్కడే కుర్చీలో కూలబడ్డారు. పాట అయ్యేసరికి తువ్వాలు తడిసిపోయింది.

“ఎన్నేళ్ళయిందిరా ఈ పాట విని. మీ నాన్న గడ్డం గీసుకుంటూ ఇదే పాడేవారు. ‘చార్జరు నీతో’ అనే చోట పైకి లాగబోయి చెంప కోసుకునేవారు.”

“అత్తయ్యా, అది...” అంది కోడలమ్మాయి.

“నీకెలా తెలుస్తుందమ్మా. నువ్వప్పటికి పుట్టలేదు.”

భర్త చేతివేలితో వద్దని సైగ చేశాడు. తన పాటకు ఒక మనిషి కళ్ళు తుడుచుకోవడం అదే మొదటిసారి. ఆ కళ్ళలోకి నిజం విసరడానికి చేయి ఆడలేదు. సంతోషంగా ఉంది, ఒళ్ళు మండుతోంది కూడా. రేపు నిదానంగా చెబుదాంలే అనుకుంది. ఆ రేపు వచ్చేలోపు అత్తగారు ఫోను అందుకుని పాతపాటల పరిరక్షణ సమితికి కబురు చేసేశారు.

ఈ సమితి గురించి రెండు ముక్కలు. అధ్యక్షులవారు తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరయినవారు. పాటను వినగానే దాని బరువు చెప్పగలరు. కార్యదర్శి దంతవైద్యుడు. పళ్ళు పీకే గదిలో పాత పాటలు తప్ప పెట్టడు. అక్కడ రోగులు కార్చే కన్నీళ్ళన్నీ ఆ పాటల ఖాతాలోనే జమ అవుతాయి.

సమితి యావత్తూ వచ్చి చిరిగిన స్పీకరు ముందు కూర్చుంది. పాట సగంలో ఉండగానే అందరికీ గుర్తొచ్చేసింది. అధ్యక్షులవారి పెళ్ళిలో ఈ పాట మోగిందట. దంతవైద్యుడు చిన్నప్పుడు ఈ పాట పాడుతూ లెక్కలు తప్పు చేసి తండ్రి చేత దెబ్బలు తిన్నాడట. గుర్తురానివాళ్ళు ఒకరిద్దరు ఉన్నారు గానీ, పక్కవాళ్ళ ముఖాలు చూసేసరికి వాళ్ళకూ గుర్తొచ్చింది.

చార్జరు అనే మాట దగ్గర కొంత చర్చ నడిచింది. అధ్యక్షులవారు కళ్ళు మూసుకుని ఇలా సెలవిచ్చారు: “ఆనాటి కవులు ద్రష్టలు. యాభై ఏళ్ళ తరువాత మనిషి దేనికోసం తపిస్తాడో ముందే చూశారు.” దంతవైద్యుడు ఒప్పుకోలేదు. చార్జరంటే ఇంగ్లీషులో యుద్ధాశ్వమనీ, నాయకుడు గుర్రమెక్కి యుద్ధానికి వెళ్ళిపోతే నాయిక చీకట్లో మిగిలిపోయిందనీ అన్నాడు. ఆ మాటతో సమితి రెండుగా చీలి, ద్రష్ట వర్గమనీ అశ్వ వర్గమనీ ఏర్పడింది. రెండు వర్గాలూ ఏకగ్రీవంగా ఒప్పుకున్న సంగతి ఒక్కటే: ఇటువంటి పాట ఇప్పుడెవరూ కట్టలేరు.

టీ తెచ్చిన కోడలమ్మాయి ఆ మాట విని పళ్ళెం కొంచెం గట్టిగా బల్లమీద పెట్టింది.

అలా స్వర్ణోత్సవం నిశ్చయమైంది. ఆ పాటనే పాడే పోటీ కూడా పెట్టారు. స్పీకరు అసలు యజమాని ఎప్పుడడిగినా “ఇంకా బాగవలేదండీ” అని భర్త చెబుతూ వచ్చాడు. నిజానికి అతను తన జీవితంలో బాగు చేయకుండా ఉండడానికి ఇంత కష్టపడిన వస్తువు మరొకటి లేదు.

సభలో ఉపన్యాసాలు నడుస్తుండగా కోడలమ్మాయి వేదిక మీది గుడ్డను చూసింది. “అజ్ఞాత స్వరకర్తకు అశ్రునివాళి” అని పెద్ద అక్షరాలు. అంతలో అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు.

“ఇంతటి పాటనిచ్చి, పేరైనా చెప్పకుండా కన్నుమూసిన ఆ మహానుభావుడి ఆత్మశాంతికి లేచి నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం.”

హాలంతా లేచింది. కోడలమ్మాయి కూడా లేచి, తల వంచుకుని, తన ఆత్మకు శాంతి కోరుతూ నిలబడింది. పక్కన అత్తగారు కళ్ళు మూసుకుని ఉన్నారు. ఒక నిమిషం వరకు ఆమె ఓర్చుకుంది. చచ్చిపోయినందుకు కాదు గానీ, మహానుభావుడన్నందుకు ఆమెకు ఒళ్ళు మండింది. మిగతా నిమిషం ఆగకుండా తిన్నగా వేదిక ఎక్కి మైకు పట్టుకుంది.

“అందరూ క్షమించాలి. ఈ పాట నాది. పోయిన వేసవిలో నేనే కట్టాను. నేను బతికే ఉన్నాను.”

హాల్లో మౌనం అనుకున్నదానికంటే ఎక్కువసేపు సాగింది. తరువాత దంతవైద్యుడు నొప్పి తెలియకుండా పన్ను పీకే గొంతుతో అన్నాడు.

“అమ్మా, అభిమానం ఎక్కువైతే ఇలాగే అనిపిస్తుంది. నాకూ కొన్ని పాటలు నేనే రాశాననిపిస్తుంది.”

ఆమె ఫోను తీసి రికార్డు చేసిన తేదీ చూపించింది. అధ్యక్షులవారు కళ్ళజోడు పెట్టుకోలేదు.

“ఫోనులో తేదీ ఎవరైనా మార్చవచ్చు. మా గుండెల్లో ఉన్న తేదీని ఎవరు మార్చగలరు?”

చప్పట్లు మారుమోగాయి. పాత పాటలను తమవిగా చెప్పుకునే నేటి ధోరణిని ఖండిస్తూ అక్కడికక్కడే తీర్మానం ఆమోదించారు. అయితే సమితి వారు కఠినాత్ములు కారు. అంత ప్రేముంటే పోటీలో పాడమన్నారు. పాడింది. వేసవి కరెంటు కోతనూ ఖాళీ ఫోనునూ తలచుకుని, ప్రాణం పెట్టి పాడింది. ప్రోత్సాహక బహుమతి వచ్చింది.

“గొంతు శుభ్రంగా ఉంది, అదే లోపం,” అని న్యాయనిర్ణేతగా దంతవైద్యుడు వివరించాడు. “అసలు పాటలో ‘తప్పింది’ దగ్గర ఒక జీర ఉంటుంది. గుండె చీలిన జీర. ఆ వేదన ఈ కాలం పిల్లలకు ఎక్కడినుంచి వస్తుంది?”

ఆ జీర స్పీకరు కాగితం చిరిగిన చోటిదని భర్తకొక్కడికే తెలుసు. అతను మూడో వరుసలోంచి “బాగుంది” అన్నాడు.

ఇంటికి వెళ్ళే బస్సులో అత్తాకోడళ్ళు పక్కపక్కనే కూర్చున్నారు. ప్రోత్సాహక బహుమతిగా వచ్చిన ప్లాస్టిక్ నీళ్ళ సీసా కోడలి ఒళ్ళో ఉంది. రెండు స్టాపులు దాటాక అత్తగారు అడిగారు.

“నిజంగా నీదేనా?”

“నాదే అత్తయ్యా.”

“మరి ఆయన పాడిందేమిటి?”

“నాకెలా తెలుస్తుంది?”

అత్తగారు కిటికీలోంచి బయటికి చూస్తూ గుర్తు తెచ్చుకోబోయారు. పెదవులు కదిలాయి గానీ ఏ పాటా రాలేదు.

“ఏదో పాడేవారమ్మా. అద్దం ముందు నిలబడి, సబ్బు నురగ మొహంతో. గొంతు చెవిలో ఉంది, పాటే పోయింది. ఎన్నాళ్ళనుంచో వెతుక్కుంటున్నాను. నీ పాట ఆ ఖాళీలో సరిగ్గా సరిపోయింది. ఉండనీ.”

“ఉండనీయండి అత్తయ్యా,” అంది కోడలమ్మాయి. బహుమతి సంగతి అప్పుడే మరిచిపోయింది.

“చెంప కోసుకోవడం మాత్రం నిజం,” అన్నారు అత్తగారు. ఆపైన గొంతు తగ్గించి, “ఇది నీదని మళ్ళీ ఎక్కడా అనకు. వచ్చేవారం సమితిలో ఆ పాట గురించి నేను మాట్లాడాలి,” అన్నారు.

బుధవారంనాడు స్కూల్లో, కొత్తగా చేరిన కుర్ర టీచరు విరామంలో కోడలమ్మాయి పక్కన చేరింది. “అక్కా, నేనొక పాట కట్టాను. ఎవరికీ వినిపించలేదు, మీకే మొదట,” అంటూ భయంభయంగా పాడింది.

కోడలమ్మాయి శ్రద్ధగా వింది. పాట అయ్యాక ఆమెకు తెలియకుండానే లోపలినుంచి ఒక పెద్ద నిట్టూర్పు బయటికి వచ్చింది.

“బాగానే ఉందమ్మా. ట్యూనులో తప్పేమీ లేదు. ఎందుకో మనసుకు పట్టలేదు. అప్పటి పాటల్లో ఒక నిదానం ఉండేది.”

“అప్పటి అంటే ఎప్పటివి అక్కా?”

“పోయిన వేసవిలోవి.”

ఈ ముక్క ఎలా పొక్కిందో తెలియదు. సాయంత్రానికల్లా సమితి వారు ఇంటికి వచ్చి, పాత గొడవలన్నీ మరిచి, ఆమెకు సగౌరవంగా జీవితసభ్యత్వం ప్రదానం చేశారు. ఆమె కాదనలేదు.

సమితిలో చేరడానికి వయసుతో పనిలేదు. ప్రవేశపరీక్ష ఒక్కటే. ఇప్పుడు వస్తున్న పాట ఏదో ఒకటి వినిపిస్తారు, అభ్యర్థి నిట్టూర్చాలి. ఇంతవరకు ఆ పరీక్ష ఎవరూ తప్పలేదు. తమరు విడిగా దరఖాస్తు పెట్టుకోనవసరం లేదు. మొన్న పక్కింటివాళ్ళు కొత్త పాటేదో పెడితే తమరు తలుపు వేసుకున్న చప్పుడు సమితి వారికి వినబడింది.