అన్నం కిందికి రాని ఇడ్లీ

మా అమ్మ మాణిక్యమ్మ శనివారం అన్నం ముట్టదు. ఇడ్లీలు మాత్రం ఎన్నయినా తింటుంది. అది టిఫిను, అన్నం కిందికి రాదు. తెనాలిలో సగం ఇళ్ళల్లో శనివారాలు ఇలాగే గడుస్తాయి కాబట్టి నేనూ తప్పుపట్టలేదు. నవ్వకండి, నా కొంప ముంచింది ఆ లెక్కే.

మావాడికి ఆరో నెలలో అన్నప్రాశన జరగాలి. మూఢం వచ్చి ఆగింది. మగపిల్లాడు కదా, సరి నెలే కావాలి. ఎనిమిదో నెల చూస్తే ఆషాఢం. ఇక పదో నెలకే అన్నారు పురోహితులు. ఈలోగా వాడి బరువు చూసిన నర్సమ్మ, ఏడో నెల వచ్చినా ఒట్టి పాలేంటి, మెత్తటి అన్నం పెట్టకపోతే పిల్లాడు కోలుకోడని మందలించి పంపింది. మా ఆవిడ కుసుమకుమారి బిక్కచచ్చిపోయింది. ముహూర్తం లేకుండా ఒక్క మెతుకు తగిలినా ఊరుకోనని అమ్మ తెగేసి చెప్పింది. వాడి పక్కటెముకలు చూస్తే లెక్కపెట్టేలా ఉన్నాయి.

అప్పుడు తట్టింది, అమ్మ శనివారం లెక్క. గాలికి తిప్పుకొస్తానని వాణ్ణి భుజానేసుకుని, రోజూ పొద్దున్నే కాలవగట్టున వీరాస్వామి హోటల్‌కి పోవడం మొదలుపెట్టాను. ఇడ్లీ పాలల్లో మెదిపి పెడితే ఎగబడి తినేవాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

నాలుగు రోజులు బాగానే సాగింది. తర్వాత వాడు తల్లి దగ్గర మొహం తిప్పేసుకోసాగాడు. ఆపైన విరేచనాలు పట్టుకున్నాయి. కళ్ళు లోతుకు పోయాయి. తన పాలే వాడికి పడట్లేదని కుసుమ ఒకటే ఏడుపు. అమ్మా, కుసుమా, నేనూ వాణ్ణి తీసుకుని రిక్షాలో డాక్టరు దగ్గరికి బయల్దేరాం. చెబితే అమ్మ ఊరుకోదు. చెప్పకపోతే ఆయన ఏం మందిస్తాడో, పిల్లాడేమవుతాడో. నాకు నిజంగా భయమేసింది.

"ఏం పెడుతున్నారు?" అన్నాడు డాక్టరు, పొట్ట నొక్కి చూస్తూ.

"నా పాలేనండి," అంది కుసుమ.

వాడు నీరసంగా మూలిగాడు. ఇక ఆగలేకపోయాను. "రోజూ హోటల్లో ఇడ్లీ పెడుతున్నానండి," అన్నాను.

అమ్మ చూసిన చూపుకి గోడకి ఆనుకుపోయాను. కానీ తిట్టలేదు. కాసేపు కొంగు సవరించుకుని, సాయంత్రాలు గుళ్ళో తనూ కాస్త చక్కెర పొంగలి తినిపిస్తున్నట్టు గొణిగింది. "ప్రసాదం అన్నం కిందికి రాదు గదా అని..."

డాక్టరు ఇద్దరినీ కడిగేశాడు. ఆ రెండూ ఆపి తల్లిపాలు పట్టమన్నాడు. తగ్గాక ఇంట్లో శుభ్రంగా వండిన పప్పన్నం కొద్దికొద్దిగా పెట్టమన్నాడు. ప్రాణానికి భయం లేదన్నాక గానీ నేను గోడ వదల్లేదు.

ఇంటికొచ్చి, కుసుమ పిల్లాడికి పాలు పట్టి నిద్రపుచ్చింది. అప్పుడొచ్చి నిలబడింది. "నా పాలే మంచివి కావనుకుని కుళ్ళికుళ్ళి ఏడుస్తుంటే, చూస్తూ కూచున్నారు కదండీ."

"అమ్మ కూడా..." అన్నాను.

"అత్తయ్యగారిది దేవుడి ప్రసాదం. దాన్నేం అనకూడదు." అమ్మ గబగబా తలూపింది. "వాడికి తగ్గగానే పప్పన్నం నేనే పెడతాను. ముహూర్తం దాకా వాడి బదులు ఇంట్లో ఒకళ్ళు అన్నం ముట్టకుండా ఉండాలి గదా, మీరుండండి. మూడు పూటలా ఇడ్లీలు వేస్తాను."

అలాగైతే దోషం లేదులే అంది అమ్మ.

పదో నెలలో అన్నప్రాశన ఘనంగా జరిగింది. పరమాన్నం చూసి మావాడు మామూలుగా నోరు తెరిచాడు. విస్తరిలో అన్నం చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది నేనొక్కణ్ణే.