మేస్త్రీ గారి కుర్చీ

మా ఇంట్లో అందరికంటే మర్యాద ఎక్కువ ఎవరికి అంటే, మేస్త్రీకి. మేస్త్రీ అంటే మనిషి కాదు. అమ్మ పెంచుకునే బంగారు రంగు చేప. రోజంతా గాజు తొట్టిలో అటూ ఇటూ తిరుగుతూ అందరినీ గమనిస్తుంది తప్ప ఒక్క పనీ చెయ్యదు కాబట్టి నానమ్మ ఆ పేరు పెట్టింది.

రెండో స్థానం నాన్న కుర్చీది. చేతులు వెడల్పుగా ఉన్న పాత చెక్క కుర్చీ. నాన్న దాన్ని ఎక్కణ్ణుంచో మోసుకొచ్చి తొట్టి పక్కనే వేసుకున్నాడు. అమ్మకి అది కంట్లో నలుసు.

పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్తూ అమ్మ గుమ్మంలో ఆగి ఒప్పందం చెప్పింది. తను వచ్చేసరికి మేస్త్రీ క్షేమంగా ఉంటే కుర్చీ ఇంట్లో ఉంటుంది. ఏ మాత్రం తేడా వచ్చినా నాన్న పంక్చర్ల కొట్టుకి పోతుంది. ఇంతేనా అన్నట్టు నవ్వి, నాన్న ఆవిణ్ణి బస్సెక్కించి వచ్చాడు.

వచ్చీ రాగానే కుర్చీలో వాలి కళ్ళు మూసుకున్నాడు. నెత్తి మీద అలమారలో చేపకి గాలి కొట్టే మోటారు జుయ్యిమంటోంది. లేచి దాన్ని దించి నేల మీద పెట్టాడు. అక్కడా జుయ్యిమంది. స్విచ్చి ఆపేసి, కాసేపు గాలి లేకపోతే చేపేం పోదులే అని హాయిగా గురక తీశాడు.

లేచి చూస్తే కాళ్ళ కింద నీళ్ళు. తొట్టిలో నీళ్ళు తగ్గాయి. గుడ్డతో తుడిచి, మోటారు వేసి, తొట్టి నింపాడు. సాయంత్రమంతా నేల పొడిగానే ఉంది. మర్నాడు మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి మళ్ళీ మడుగు.

"తొట్టికి చిల్లు పడిందమ్మలూ" అన్నాడు నాతో, ఎవరో పోయినట్టు.

నానమ్మ వత్తులు చేసుకుంటూ తలెత్తకుండానే అంది. "నువ్వు నిద్రపోయినప్పుడే కారే చిల్లేంట్రా అది?"

నాన్న వినలేదు. అప్పటికే ఆయన కళ్ళల్లో కొట్టు కనిపిస్తోంది. ఎలాంటి చిల్లయినా నీళ్ళలో ముంచితే బుడగ రాక తప్పదని ఆయన నమ్మకం. చేపని బకెట్లోకి మార్చి, తొట్టి ఖాళీ చేసి పెరట్లోకి మోయించాడు. ఒక కొస నేను, ఒక కొస ఆయన. బట్టలుతికే సిమెంటు తొట్టి నిండా నీళ్ళు పట్టి, గాజు తొట్టిని అందులో బోర్లించి, ట్యూబుని ముంచినట్టు ముంచబోయాడు.

అది మునగదే. లోపల గాలాయె. రెండు చేతులతో నొక్కాడు, మోచేతులతో నొక్కాడు, చివరికి పొట్ట వేసి పడుకున్నాడు. నాన్న పొట్టంటే మా వీధిలో చిన్న పిల్లలు కొలతకి వాడుకునే వస్తువు. ఆ బరువుకి తొట్టి ఒక పక్కకి ఒరిగి, మూల నుంచి బుడుంగుమని ఓ బుడగ వచ్చింది.

"దొరికింది దొంగ" అన్నాడు నాన్న, ముఖం నిండా నీళ్ళతో.

ఒరిగితే గిన్నె లోంచైనా బుడగ వస్తుందని నాకు అనిపించింది. కానీ నాకు ఒక మాట గొంతు దాకా రావడానికి పట్టే టైములో నాన్న పంక్చర్లు రెండు వేసేస్తాడు. ఆకురాయి తెచ్చి ఆ మూలంతా గీకాడు. గీకకపోతే అతుకు పట్టదట. గాజు పలకల మధ్య పారదర్శకంగా ఉన్న జిగురంతా పొట్టులా రాలిపోయింది. దాని మీద పంక్చర్ సొల్యూషన్ పూసి, ఊది, సైకిల్ ట్యూబు ముక్క అతికించి, సుత్తితో కొట్టబోతుంటే నానమ్మ సుత్తి లాక్కుంది.

తొట్టిని మళ్ళీ ముందు గదిలో పెట్టి నీళ్ళు పోశాం. ఇంతకు ముందు కారినట్టు కాదు. ట్యూబు ముక్క నాలుకలా వేలాడి, దాని పక్క నుంచి ధార కట్టింది. నాన్న బొటనవేలు అడ్డం పెట్టాడు. వేలు తియ్యడానికి లేదు.

అలా తేలు కుట్టిన దొంగలా వంగి నిలబడి ఉండగా అమ్మ లోపలికి వచ్చింది.

అమ్మ అరవలేదు. సంచి దించింది. బకెట్లో మేస్త్రీని చూసింది, అది తిరుగుతోంది. తర్వాత నేల మీద మోటారుని చూసింది.

"దీన్ని కిందికెవరు దించారు?"

"రొదగా ఉంటేనూ..."

"మధ్యాహ్నం ఆపుతున్నారా?"

నాన్న నీళ్ళు నమిలాడు. ఆ గదిలో కారకుండా మిగిలిన నీళ్ళు అవే.

మోటారు తొట్టి కంటే కింద ఉండి ఆపేస్తే, గాలి గొట్టం లోంచి నీళ్ళు వెనక్కొచ్చి నేల మీద పడతాయని, అందుకే దాన్ని పైన పెట్టానని అమ్మ నింపాదిగా చెప్పింది.

"అయితే తొట్టికి చిల్లు లేదా?" అన్నాడు నాన్న.

"అప్పుడు లేదు."

మర్నాడు అద్దాల కొట్టు నుంచి జిగురు తెప్పించి అమ్మే మూల అతికించింది. ఆరడానికి కొన్ని రోజులు పడతాయంది. తర్వాత తీర్పు చెప్పింది. మేస్త్రీ క్షేమంగా ఉంది కాబట్టి, మాటంటే మాటే, కుర్చీ ఇంట్లోనే ఉంటుంది.

నాన్న ముఖం వెలిగింది. దిండు తెచ్చుకోవడానికి లోపలికి పరిగెత్తాడు.

ఈలోపు అమ్మ మోటారుని అలమార ఎక్కించి, గాలి గొట్టం అందేంత దూరం కొలిచింది. అది సరిగ్గా కుర్చీ దాకానే అందింది. మేస్త్రీ ఉన్న బకెట్‌ని ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టింది. రెండు చేతుల మధ్య అచ్చంగా కొలిచి చేయించినట్టు అమరింది.

దిండుతో వచ్చిన నాన్న కుర్చీని చూశాడు, అమ్మని చూశాడు, ఒప్పందంలో ఎవరు కూర్చోవాలో అనుకోలేదని గుర్తొచ్చినట్టుంది, నేల మీద దిండు వేసుకున్నాడు. ఎలాగోలా కునుకు పట్టింది.

అమ్మ వంగి ఆయన భుజం తట్టింది.

"ఏమండీ, కాస్త గురక తగ్గించండి. రొదకి చేప నిద్ర చెడుతోంది."