వాపసు గడువు పదిహేను రోజులు

గడియారాల మేస్త్రీకి శత్రువులు రెండే. ఒకటి దుమ్ము, రెండోది తుమ్ము. మూడోది పిల్లి రూపంలో వస్తోందని ఒక బుధవారం పొద్దున టిఫిను పళ్ళెం ముందు పెడుతూ భార్య చెప్పింది.

"ఏమండీ, జంతువుల షెల్టర్ నుంచి ఒక పిల్లిని తెచ్చుకుందామండీ."

"పిల్లా? ఈ ఇంట్లోనా? నా బల్ల మీద ఆవగింజలో సగముండే స్క్రూలుంటాయే! అదొక్కసారి తోక ఆడించిందంటే ఊళ్ళో సగం మందికి టైము తెలీదు."

"ఇప్పుడు మాత్రం చెప్పిన టైముకి ఎవరికిచ్చారు గనక?"

ఆ మాట అన్యాయం. పైగా నిజం. 

మేస్త్రీ పని ఇంటి ముందు గదిలోనే. వాచీని చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, దాని గుండె చప్పుడు విని రోగం చెప్పేవాడు. ఆ పనికి నిశ్శబ్దం కావాలి. దానికోసం రేడియో అమ్మేశాడు, కుక్కరు విజిలు మీద కట్టుదిట్టాలు పెట్టాడు, చుట్టాలను రానివ్వడం తగ్గించాడు. ఇక మిగిలింది ఆ నిశ్శబ్దమే. దాన్ని పిల్లికి ధారపోస్తాడా?

"వద్దంటే వద్దు," అన్నాడు.

అన్నాడే గాని, తన సంగతి తనకు తెలుసు. ఆయన 'వద్దు' వారం రోజుల గడియారం లాంటిది. ఎనిమిదో రోజుకి కీ అయిపోయి దానంతటదే ఆగిపోతుంది. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఒక్క 'వద్దు' కూడా తొమ్మిదో రోజు చూడలేదు.

అందుకని ఏడో రోజున తనే షెల్టర్‌కి బయలుదేరాడు. ముల్లును ముల్లుతోనే తియ్యాలి, పిల్లిని కుక్కతోనే ఆపాలి.

షెల్టర్ బల్ల దగ్గర ఒకావిడ కూర్చుని ఉంది. ఊళ్ళో అందరూ ఆవిడను నిబంధనలమ్మ అనేవారు. మూడు పేజీల ఫారం తీసింది.

"మీ ఇంట్లో మెట్లున్నాయా?"

"నాలుగున్నాయి."

"ఎప్పుడైనా పడ్డారా?"

"నేనా, కుక్కా?"

"ఇంకా కుక్కనివ్వలేదు గదండీ. మీరే."

గట్టిదే అనుకున్నాడు మేస్త్రీ. లోపల ప్రతి బోనుకీ ఒక అట్టముక్క వేలాడుతోంది, ఆ ప్రాణి గుణగణాలతో. మేస్త్రీ ఒక్కొక్కటే చదువుకుంటూ పోయి చివరి బోను ముందు ఆగిపోయాడు. లోపల పొడుగు కాళ్ళ వేటకుక్క, పెళ్ళి సంబంధం తప్పిపోయినదానిలా, గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అట్ట మీద ఇలా ఉంది:

'వయసు నాలుగు. మొరగదు. నిద్ర ఎక్కువ. పిల్లి వాసన గిట్టదు. పిల్లి ఉన్న ఇంటికి ఇవ్వరాదు.'

ఆఖరి వాక్యం మూడుసార్లు చదివాడు. దేవుడు తన కోసమే రాయించినట్టుంది.

"నచ్చకపోతే పదిహేను రోజుల్లో వాపసు తేవచ్చు," అంది నిబంధనలమ్మ. "ఎందుకని అడగం."

లెక్క తేలిపోయింది. పదిహేను రోజులు ఈ ఏనుగుతో వేగితే భార్యకి జంతువుల మోజు తీరిపోతుంది. కుక్క వెళ్ళిపోతుంది, పిల్లి మాటా దాంతోనే పోతుంది. అట్టముక్క కూడా జేబులో వేసుకుని, సాక్ష్యంతో సహా ఇల్లు చేరాడు.

"పిల్లినడిగితే గుర్రాన్ని తెచ్చారేమిటండీ!"

"కుక్కే. పాపం, దీనికి పిల్లులు పడవుట. ఇదుగో, రాసుంది. మరి పిల్లిని ఎలా తేను చెప్పు? సరిపడకపోతే పదిహేనో రోజున నేనే తిరిగిచ్చేస్తా. మాటంటే మాటే."

ఆవిడ అట్టముక్క అందుకుని చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఏడుపాపుకుంటోందనుకున్నాడు మేస్త్రీ. పోనీలే పాపం అని కూడా అనిపించింది.

మొదటి రోజే తెలిసింది, ఆ కుక్కకి తోక లేదు, చీపురుంది. ఆనందం వస్తే అటూ ఇటూ తిరిగేది, అడ్డమొచ్చినవన్నీ నేల మీదికి. మేస్త్రీ బోర్లా పడుకుని, అయస్కాంతంతో స్క్రూలు ఏరుకుంటుంటే అది ఆయన వీపు మీద గడ్డం ఆనించి చూసేది.

"దీనికి లోలకం అని పేరు పెడదామండీ," అంది భార్య. "మీ గడియారాలన్నిట్లో నిక్కచ్చిగా ఆడేది ఇదొక్కటే."

మూడో రోజు లోలకం హెడ్మాస్టరు గారి వాచీకుండే కీ బుడిపెను మింగింది. రెండు రోజులు మేస్త్రీ వార్తాపత్రిక చేత పట్టుకుని, కళ్ళద్దాలు సర్దుకుంటూ, దాని వెనకాలే వీధులన్నీ తిరిగాడు. అక్షరం చదవలేదు. హెడ్మాస్టరు గారే ఎదురొచ్చారు.

"మేస్త్రీ గారూ, నా వాచీ ఎంతవరకొచ్చింది?"

"లోపల పని జరుగుతోంది సార్. రేపటికి బయటికొస్తుంది."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

అలా మొదలైన షికారు ఆగలేదు. సాయంత్రం నాలుగైతే లోలకం వచ్చి బల్ల పక్కన నిలబడేది. ఇరవై ఏళ్ళుగా వాచీ పాడైతే తప్ప పలకరించని జనం, "ఏం మేస్త్రీ గారూ, మీవాడా?" అని ఆగేవారు. మొదట "షెల్టర్‌ది," అనేవాడు. తొమ్మిదో రోజున "మావాడే," అనేశాడు. అనేసి, ఎవరైనా విన్నారేమోనని వెనక్కి చూసుకున్నాడు.

పదో రోజు వాచీ చెవి దగ్గర పెట్టుకున్నాడు. కాళ్ళ మీద తల పెట్టుకుని పడుకున్న కుక్క ఊపిరే వినిపించింది గాని వాచీ వినపడలేదు. విసుక్కోవాలి. విసుక్కోలేదు. కీ ఇవ్వకుండానే నడుస్తోంది గదా అనుకుంటూ కూర్చున్నాడు.

భార్య మాత్రం లెక్క తప్పలేదు.

"ఇంకా మూడు రోజులండీ. ఎప్పుడు పోతుందా అని కళ్ళు కాయలు కాస్తున్నాయి."

"అంత బరువైందా నీకు?"

"నాక్కాదు బాబూ, మీరే అన్నారు. మీ మాటంటే మాటే గదా!"

మేస్త్రీ గోడ మీది క్యాలెండరు తీసి బీరువాలో పెట్టాడు. నలభై గడియారాలున్న ఇంట్లో క్యాలెండరు దాస్తే ఏం లాభం? పదిహేనో రోజు గురువారం. ప్రతి గురువారం లాగే ఆవిడ అక్కగారింటికని బయలుదేరుతూ కుక్క చాపా గిన్నే మూటగట్టి గుమ్మంలో పెట్టింది.

"తప్పకుండా ఇచ్చేసి రండి," అని మరీ వెళ్ళింది.

పావుగంట దారి. మేస్త్రీకి రెండు గంటలు పట్టింది. బజారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ఉండనివ్వవే అని ఆవిడనొక్క మాట అడిగితే అయిపోయేది. కాని మాట తిప్పుకోవడం మగాడికి పన్ను పీకించుకోవడం కంటే కష్టం.

షెల్టర్ గుమ్మంలో కాలు పెట్టగానే లోలకం తాడు లాక్కుని పరుగెత్తింది. బోనువైపు కాదు. పిల్లుల గదిలోకి.

"అయ్యో! పట్టుకోండి! పిల్లిని చంపేస్తుంది! కార్డు మీద రాసుంది!"

ఆయాసపడుతూ వెళ్ళేసరికి, ఒంటి కన్ను ముసలి పిల్లి ఒకటి లోలకం మూతికి తల రుద్దుతోంది. కుక్క దాని చెవి నాకుతోంది, నాలుగు ఊళ్ళు తిరిగొచ్చిన కొడుకులా. ఆ పక్కనే ముక్కాలి పీట మీద కూర్చుని, ఒళ్ళో అట్టముక్కలు, చేతిలో కలంతో మేస్త్రీ భార్య.

"నువ్వా! అక్కగారింటికి వెళ్ళలేదూ?"

"వెళ్ళి మూడేళ్ళయిందండీ. మాకు మాటల్లేవు. గురువారాలు ఇక్కడికే వస్తున్నా."

నిబంధనలమ్మ వెనకాలే వచ్చింది. "ఈ రెండూ ఒకే ఇంటివి. పెంచినాయన పోయాడు. కలిపే ఇవ్వాలని నిబంధన. మీ ఆవిడే, 'రెండంటే మా ఆయన గుమ్మం దాటనివ్వరు, ముందు పెద్దది వెళ్తే చిన్నది దాని వెనకే వస్తుంది' అన్నారు. పదిహేను రోజుల్నుంచీ ఈవిడ వచ్చి చేత్తో పెడితేనే తింటోంది ఈ పిల్లి."

"ఎప్పుడొచ్చావే?"

"మొదట్లో మీరు స్క్రూలు ఏరుకుంటున్నప్పుడు, తర్వాత మీరు షికారెళ్ళిన గంటా."

మేస్త్రీ జేబులోంచి అట్టముక్క తీశాడు. ముప్పై నాలుగేళ్ళుగా వంటింటి డబ్బాల మీద చూస్తున్న రాత. పంచదార, ఉప్పు, పిల్లి వాసన గిట్టదు. వెంట్రుకలో సగం పగులుని పట్టే కన్ను అది. పదిహేను రోజులు జేబులో పెట్టుకు తిరిగినా ఆ రాతని పోల్చలేదు.

"ఇంతకీ, కుక్కని వాపసిస్తారా?" అంది ఆవిడ, అమాయకంగా.

మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. "ఫారం ఎక్కడ?"

"రెండు ఫారాలు," అంది నిబంధనలమ్మ.

ఇది ఆరేళ్ళ కిందటి మాట. పిల్లికి అలారం అని పేరు పెట్టారు. పొద్దున ఐదైతే గుండెల మీద కూర్చుంటుంది. ఇన్నేళ్ళలో ఒక్క స్క్రూ కూడా కదపలేదు.

భార్య పోయి రెండేళ్ళు. చూడవచ్చినవాళ్ళలో మాటల్లేని వదినగారు కూడా ఉంది. "ఇంకా ఈ జంతువులెందుకు మరిదీ, ఇచ్చెయ్యరాదూ," అంది, ముక్కు మూసుకుని. వదినగారు గోడగడియారం బాగుచేతకిచ్చి ఏడాదిన్నరయింది. మేస్త్రీ మూత కూడా విప్పలేదు. విప్పడు.

ఫారాలు నింపిన ఆ గురువారమే, షెల్టర్‌లో కూర్చుని, భార్య మూడో అట్ట కూడా రాసింది. ఇంటికొచ్చి ఆయన బల్ల పైన మేకుకి తగిలించింది. ఇప్పటికీ అక్కడే ఉంది:

'జాతి: గడియారాల మేస్త్రీ. మొరుగుతాడు, కరవడు. చెప్పిన టైముకి రాడు. వాపసు గడువు దాటి ముప్పై నాలుగేళ్ళయింది. ఒంటరిగా ఉంచరాదు.'

మొన్న కొత్తగా ఊళ్ళోకొచ్చినాయన వాచీ ఇవ్వడానికొచ్చి, అది చదివి పడీ పడీ నవ్వాడు. నవ్వి, బల్ల కింద కుక్కనీ, బల్ల మీద పిల్లినీ చూసి, చివరి మాట మళ్ళీ చదివాడు.

"ఎవరు రాశారండీ ఇది?"

మేస్త్రీ కంటి అద్దం తియ్యలేదు. తల ఎత్తలేదు.

"చేతిరాత చూస్తే తెలియడం లేదూ?" అన్నాడు.