పొద్దున్నించీ ఒకటే మూలుగు

ఆ రోజు గుమాస్తా ఆఫీసుకి సెలవు పెట్టింది ఒకే ఒక్క పనికోసం. పెరటి షెడ్డులో దుప్పటి కప్పుకుని పడి ఉన్న తండ్రిగారి లేతు మిషన్‌కి మోటారు బిగించాలి.

తండ్రి ఆ మిషన్ మీద మంచం కోళ్ళూ, కుర్చీ కాళ్ళూ చెక్కి సంసారం ఈడ్చినవాడు. బతికినన్నాళ్ళూ దాన్ని కాలితో తొక్కే తిప్పాడు. మోకాళ్ళు మొరాయించాక ఎక్కడో ఒక పాత సింగిల్ ఫేజ్ మోటారు కొనుక్కొచ్చి, “వచ్చే వారం బిగిస్తా” అన్నాడు. ఆ వచ్చే వారం ఆయనకి రాలేదు.

ఆయన పోయాక, మిషన్ అమ్మేసి షెడ్డు అద్దెకిద్దామని అక్క అంది. “మీ నాన్నని అమ్మేద్దామన్నట్టుంది” అంది అమ్మ. మాట మీద మాట పెరిగి, అక్క కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఒకే ఊళ్ళో ఉంటూ అప్పట్నించీ తల్లీకూతుళ్ళకి మాటల్లేవు. ముందు పలకరించినవాళ్ళు ఓడిపోయినట్టు లెక్క. మధ్యలో గుమాస్తా అడకత్తెరలో పోకచెక్క. మిషన్ మళ్ళీ తిరిగితే అమ్మ మొహమైనా కాస్త తేటపడుతుందేమోనని అతని ఆశ. అమ్మ పొద్దున్నే ఫోను మంచం మీదే వదిలేసి దర్జీ దగ్గరికి వెళ్ళడంతో, ఆవిడ వచ్చేలోగా తిప్పి చూపించాలనుకున్నాడు.

మోటారులోంచి నాలుగు తీగలు బయటికి వచ్చి ఉన్నాయి. ప్లగ్గుకి కావలసింది రెండే. మిగతా రెండూ ముందుజాగ్రత్తకి ఇచ్చి ఉంటారనుకున్నాడు. మోటారుతోబాటు ఉన్న పొట్టి డబ్బాని గ్రీజు డబ్బా అనుకుని, మూత ఎంతకీ రాకపోయేసరికి అలమరలో పెట్టేశాడు. రెండు తీగలు కలిపి, టేపు చుట్టి, స్విచ్చి వేశాడు.

మోటారు తిరగలేదు. మూలిగింది. తీగలు అటువి ఇటు మార్చి చూశాడు. అదే మూలుగు, ఇంకాస్త దీనంగా. కాసేపటికి చెయ్యి వెయ్యలేనంత వేడెక్కింది. ప్లగ్గు పీకేసి, పెరటి గోడ దగ్గరికి వెళ్ళి మోటార్లు బాగుచేసే వైండింగు మేస్త్రికి ఫోన్ చేశాడు.

“మేస్త్రిగారూ, పొద్దున్నించీ ఒకటే మూలుగండీ. లేవనే లేవట్లేదు. ఒళ్ళు కాలిపోతోంది.”

గోడకి అవతల పక్కింటి పిన్నిగారు బట్టలు ఆరేస్తోంది. దండెం మీద ఆవిడ చెయ్యి ఆగింది.

“ఎక్కడండీ! నాన్న పోయినప్పట్నించీ అలా ఓ మూలన పడే ఉంది. పట్టించుకున్నదెవరు?” అన్నాడు గుమాస్తా. అటునుంచి ఏదో సలహా వచ్చింది. “పొట్ట విప్పి చూడాలా? నా వల్ల అవుతుందాండీ? స్క్రూడ్రైవరైతే ఉంది.”

అవతల తడి చీర దబ్బున కింద పడింది.

“సరే, మీరొచ్చేదాకా ముట్టుకోను. మీ వల్లా కాకపోతే మాత్రం ఇంక ఉంచుకునేది లేదు. ఇవాళే తీసి పారేస్తా.”

ఇంత సంభాషణలో మోటారు అన్న మాట ఒక్కసారైనా దొర్లలేదు. మేస్త్రికి ఆ అవసరం లేదు. పిన్నిగారికి మాత్రం ఉంది. మన భాషలో అమ్మ మూలిగినా ‘మూలుగుతోందే’, మోటారు మూలిగినా ‘మూలుగుతోందే’.

గోడలకి చెవులుంటాయంటారు. ఆ గోడకి ఫోను కూడా ఉంది. పిన్నిగారు వాళ్ళాయనకి చెప్పింది. ఆయన గుమాస్తా బావకి చెప్పాడు. బావ అక్కకి చెప్పేటప్పటికి సంగతి ఇలా తయారైంది: అత్తగారికి తెలివి తప్పింది, కడుపు కోసి చూడాలంటున్నారు, తమ్ముడికి ఓపిక నశించి ఎక్కడో వదిలేసి వస్తానంటున్నాడు.

అక్క ఒక కాలికి తన చెప్పూ, రెండో కాలికి పనిమనిషి చెప్పూ వేసుకుని వచ్చింది. లోపల అమ్మ మంచం ఖాళీగా ఉంది. గుండెలు బాదుకుంటూ పెరట్లోకి పరిగెత్తింది. ఆవిడ వెనకాలే పిన్నిగారు, వీధి చివరి డాక్టరుగారిని ఇంచుమించు రెక్క పట్టుకుని లాక్కొచ్చింది.

గుమాస్తా షెడ్డులో బల్ల కింద మోటారు పెట్టి, దానికి టేబులు ఫ్యాను తిప్పి కూర్చున్నాడు. అక్కని చూడగానే లేచి నిలబడ్డాడు. మిషన్ ముట్టుకున్నాడని ఎవరో చెప్పేసి ఉంటారు, పోట్లాటకే వచ్చింది అనుకున్నాడు.

“ఎలా ఉందిరా?” అంది అక్క, రొప్పుతూ.

ఇన్నాళ్ళకి ఆ మిషన్ గురించి అంత ఆత్రంగా అడిగినందుకు అతని మనసు కరిగిపోయింది. “కంగారు పడకక్కా. ఇప్పుడే చల్లబడింది.”

“చల్లబడిందా!” అక్క గుమ్మం పట్టుకుంది.

“ఆఁ. మేస్త్రి కూడా వస్తున్నాడు.”

“అప్పుడే మేస్త్రి ఎందుకురా!” అంది అక్క, సమాధి కట్టేవాడనుకుని. “ఎక్కడ? ఎక్కడ పడుకోబెట్టావు?”

“ఇదిగో, బల్ల కింద. కదుపుదామంటే మహా బరువుగా ఉంది.”

అక్క నేల మీద కూలబడింది. “అమ్మా! ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్ళిపోయావా తల్లీ! నా పంతమే నిన్ను పొట్టన పెట్టుకుంది!”

“అమ్మ ఎక్కడికి వెళ్ళిపోతుందక్కా? దర్జీ దగ్గరికెళ్ళింది” అన్నాడు గుమాస్తా.

డాక్టరుగారు మెల్లిగా వంగి బల్ల కిందకి చూసి, మెల్లిగా నిటారుగా నిలబడ్డారు. “ఇది నా కేసు కాదు” అన్నారు.

“నాది” అంటూ మేస్త్రి సంచీతో లోపలికొచ్చాడు. తీగలు చూసి, అలమరలోంచి గ్రీజు డబ్బా తీశాడు. “ఇది కెపాసిటరండీ. ఈ మోటారుకి లోపల రెండు చుట్లుంటాయి. ఒకటి పరిగెత్తించేది, ఒకటి లేపేది. లేపేదానికి దీని గుండా కరెంటివ్వాలి. లేకపోతే ఎంతసేపైనా అలా మూలుగుతూ కూచుంటుంది. మొదట ఎవరో ఒకరు కాస్త కదపాలంతే.”

అక్క కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. ఏడుపు పోయి, దాని చోట కోపం వచ్చింది. “అంటే అమ్మకేం కాలేదన్నమాట. నేను వెళ్తున్నా. నేనొచ్చి ఏడ్చానని అమ్మతో అన్నావంటే నీకూ నాకూ కూడా మాటలుండవు!”

అక్క నాలుగడుగులు వేసిందో లేదో, ఇంట్లోంచి మూలుగు వినిపించింది. సన్నగా, దీర్ఘంగా.

అందరూ మేస్త్రి వైపు చూశారు. “ఇది నాది కాదు” అన్నాడు మేస్త్రి. “ప్లగ్గు పీకే ఉంది.”

అక్క పరిగెత్తింది. గదిలో అమ్మ మెడదాకా దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. దుప్పటి రెండో కొసన వీధి చెప్పులు కనిపిస్తున్నాయి. దిండు కింద దర్జీ సంచీ. అమ్మ దొడ్డిదారిన ఎప్పుడొచ్చిందో, షెడ్డు వెనక నిలబడి ఎంత విన్నదో గుమాస్తాకి ఒక్కసారిగా అర్థమై నోరు తెరిచాడు. అమ్మ ఒక కన్ను తెరిచి అతని వంక చూసింది. అతను నోరు మూసుకున్నాడు.

“ఏమైందే అమ్మా?”

“ఏమో తల్లీ... పొద్దున్నించీ ఏదోలా ఉంది... నువ్వెప్పుడొచ్చావే?” అమ్మ గొంతు నిజంగానే తడబడింది. అక్క చెయ్యి దొరకబుచ్చుకుని గుండెల మీద పెట్టుకుంది.

“ఒళ్ళు కాలిపోతోంది డాక్టరుగారూ!” అంది అక్క నుదురు ముట్టుకుని. ఎండన పడి నడిచొచ్చిన నుదురు మరి.

డాక్టరుగారు నాడి చూశారు. చెప్పులు చూశారు. ఒకదాన్నొకటి వదలని ఆ రెండు చేతులనీ కూడా చూశారు. “మందులక్కర్లేదు. కొన్నాళ్ళు మనిషి దగ్గరుండాలి” అని వెళ్ళిపోయారు.

“నేనుంటాను” అంది అక్క.

మేస్త్రి తీగలన్నీ సరిగా కలిపి, కెపాసిటర్ బిగించి, బెల్టు వేసి వెళ్ళాడు. గుమాస్తా ఒక్కడే నిలబడి స్విచ్చి వేశాడు. మోటారు మూలగలేదు. ఒక్క ఉదుటున లేచి, లేతు మిషన్‌ని గిర్రున తిప్పింది. పాత కర్ర పొట్టు గాల్లోకి లేచింది. ఆ వాసన తండ్రి చొక్కా వాసన. అతనికి కళ్ళు చెమర్చాయి.

గది కిటికీ దఢాల్న తెరుచుకుంది. “ఇంట్లో జబ్బు మనిషి ఉంటే ఆ గోలేంట్రా? ఆపు!” అంది అక్క. ఆవిడ వెనకాల అమ్మ మంచం మీద బాసింపట్టు వేసుకుని కాఫీ తాగుతోంది. కొడుకు చూశాడని గ్రహించి, గ్లాసు పక్కన పెట్టి నీరసంగా ఒరిగింది.

గుమాస్తా మోటారు ఆపేశాడు.

అమ్మ పూర్తిగా కోలుకునేదాకా దాని జోలికి వెళ్ళొద్దని, పక్కింటి పిన్నిగారు గోడ మీదనుంచి మరీ మరీ చెప్పింది.