కచేరి కంఠనిగ్రహ విజయము

సకలవాహనఘోషనినాదితమగు రహదారికి నూరడుగుల దూరమున, ఫినాయిలు పరిమళపరివేష్టితమైన ఆసుపత్రి మూడవ అంతస్తున, లిఫ్టు దిగి ఎడమకు తిరిగినచో రక్తపరీక్షల గదియు, కుడికి తిరిగినచో సంగీతచికిత్సావిభాగమును కలవు. దిక్కు తప్పి, పాట కొరకు వచ్చి సూది పొడిపించుకొని పోయినవారు పలువురు. వారి కథ వేరు. మంగళవారము ఉదయము, పదునొకండు గంటలకు రెండు నిమిషములు తక్కువైన వేళ, కుడికి తిరిగిన యొక వీరనారి కథను చెప్పెదను. చెవియొగ్గుడు. ఫోనులు మూయుడు.

ఆమె తొమ్మిదవ యేట గాత్రసాధనకు కూర్చుండి ఇరువదిరెండవ యేట స్వర్ణపతకముతో లేచినది. సభలో వెనుకవరుసవారి కునికిపాట్లను సైతము చెదరగొట్టిన కంఠము ఆమెది. పాట ముగియుచోట ఒక పొడుగాటి గమకమును తగిలింపక వదలని అలవాటు ఆమెది. అట్టి నిశితకంఠాయుధధారిణి, పాటతో మనుషులను బాగుచేయు విద్య యొకటి కలదని విని, సంగీతచికిత్సలో ఎం.ఏ.కు చేరి, మెదడు పటములను బట్టీపట్టి, గిటారు తీగలపై వ్రేళ్లు కాయలు కాయించుకొని, నాలుగువందల గంటల వార్డు శిక్షణను మూడువందల తొంబదితొమ్మిది వరకు ఈడ్చుకొని వచ్చినది. తోడి విద్యార్థులు ఆమెను "కచేరి" అని పిలిచెదరు. అది మెచ్చుకోలు కాదని ఆమెకును తెలియును.

మిగిలిన ఆ యొక్క గంటలోనే పరీక్ష. ఆ పరీక్షలో పాడినందుకు మార్కులు లేవు. పక్షవాతము వచ్చి, ఏడు నెలలుగా మాట పడిపోయి, కుడిచేయి వాలిపోయిన పెద్దాయన యొకరు ఎదుట కూర్చుందురు. ఆయన ఎడమచేతి దాపున చిన్న డ్రమ్ముండును. దానిని ఆయన తనంత తానుగా వాయింపవలెను. ఒకమారు తగిలినచో చేయి జారినదని వ్రాసుకొందురు. మరల తగిలిననే దానిని స్పందన అందురు.

ఆ పెద్దాయన ముప్పదియారేండ్లు సిటీ బస్సులో కండక్టరుగా పనిచేసినవారు. మొదటి పరీక్షలో కచేరి ఆయన యెదుట ఇరువది నిమిషములు ఆపకుండ పాడగా, కండక్టరుగారు హాయిగా నిద్రించిరి, వారి భార్య కన్నీరొత్తుకొని ఇంకొక పాట కోరెను, పర్యవేక్షకురాలు కాగితముపై పెన్సిలుతో "కచేరీ బాగుంది, చికిత్స ఎక్కడ?" అని వ్రాసెను. రెండవ పరీక్షలో నిజముగనే ఆయన వ్రేళ్లు డ్రమ్మును తాకినవి. అంతట కచేరి, సంబరము పట్టలేక, గదికప్పు అదరునట్లు ఆలాపన లంకించుకొనగా, ఆ వ్రేళ్లు గతుక్కుమని ఒడిలోనికి పోయి మరల బయటకు రాలేదు.

ఇది మూడవది, కడపటిది. తప్పినచో శిక్షణ సంవత్సరమంతయు మొదటినుండి చేయవలెను. అదియైనను పండ్ల బిగువున ఓర్చుకొనవచ్చును. కాని ఆ విభాగమున కుర్చీలు రెండు, వేచియున్నవారు ముప్పదిమంది; మూడు పరీక్షలలోను ఉలుకూ పలుకూ లేని రోగి పేరును జాబితానుండి తీసివేయుదురు. ఈ సంగతి కండక్టరుగారి భార్యకు ఎవరును చెప్పలేదు. కచేరికి మాత్రము తెలిసి, రెండు దినములుగా గొంతున ముద్ద దిగుటలేదు.

అంతట ఆ ధీరురాలు సన్నద్ధురాలయ్యెను. మెడలో ఫొటో ఎప్పుడును వెనుకకు తిరిగియుండు గుర్తింపుకార్డును ధరించి, భుజమున గిటారును, చంకన డ్రమ్మును, కుడిచేత హాజరుపుస్తకమును పూని, చేతులు చాలక స్టాప్‌వాచీని పండ్లతో కరచిపట్టి, మోకాలితో తలుపు తోయుచుండగా, పర్యవేక్షకురాలు ఎదురయ్యెను. ఆమె చేత పెన్సిలు కలదు. ముప్పది యేండ్ల అనుభవము గల చేయి అది. దాని కొనను చూచియే విద్యార్థులకు చెమటలు పట్టును.

"చూడమ్మా, నీకు పాడటం వచ్చని ఊరందరికీ తెలుసు," అనెను పర్యవేక్షకురాలు. "ఆగడం వచ్చా?"

"ఏమంటివి గురువర్యా! త్రిస్థాయీసంచారసమర్థమగు ఈ కంఠము, తాను తలచినచో, పూసిన పలుకును మొగ్గలోనికి మరలించి, నాభియందే నాదమును బంధించి, కల్పాంతమువరకు మౌనము వహింపగలదు! వాచీని నొక్కుము, చూచెదవుగాక!" అని కచేరి మనసులోపల గర్జించి, పైకి, స్టాప్‌వాచీ నోట నుండుటచే, "ఊఁ" అని మాత్రమనెను.

గదిలో కండక్టరుగారు అప్పటికే ఆసీనులై యుండిరి. తెల్లచొక్కా, దువ్విన తల, ఎటో చూచు చూపు. ప్రక్కన వారి భార్య.

"వచ్చావా తల్లీ! ఈయన పొద్దున్నే తయారు. చొక్కా కూడా ఇదే కావాలన్నారు. అన్నారంటే అనలేదనుకో, నేను తీసిన రెండూ వద్దన్నట్టు చూశారు. ఇవాళ ఆ పెద్ద పాట పాడతావా? మా చెల్లెలికి ఫోన్‌లో వినిపిస్తానని మాటిచ్చాను."

"ఇవాళ కొంచెం తక్కువ పాడతాను పిన్నిగారూ."

"అయ్యో, గొంతు పట్టేసిందా? ఉండు, వేణ్ణీళ్లు తెస్తా."

"వద్దండీ. మీరు కూర్చోండి చాలు."

ఏడు నెలలుగా ఆ ఇల్లాలు ఇద్దరి మాటలును తానే మాటలాడుచున్నది. అడుగుటయు తానే, బదులిచ్చుటయు తానే. కోపగించుటయు తానే, ఆయన తరఫున సర్దిచెప్పుటయు తానే. కూర్చొమ్మనగా ఆమె కూర్చుండెను. ఊరకుండుట మాత్రము ఎవరి తరము?

పర్యవేక్షకురాలు మూల కుర్చీలో కూలబడి పెన్సిలెత్తెను. వాచీ కదలెను. యుద్ధము మొదలయ్యెను.

కచేరి గిటారును మెల్లగా మీటుచు, పెద్దాయన ఊపిరి లెక్కకు తన లెక్క కలిపి, పెదవులు విప్పక కూనిరాగము తీసెను. ఒక నిమిషము గడచెను. నాలుగు గడచెను. ఎనిమిదవ నిమిషమున, నిరుత్తరనిశ్చలమగు ఆ డ్రమ్మును చూచి చూచి, ఆయన భార్య ఇంక తాళలేకపోయెను.

"కొట్టండీ, ఇలా," అనుచు ఆయన చేయిపట్టి డ్రమ్ముపై వేయబోయెను. "అమ్మాయి చదువు సంగతి కదా, మొహమాటం దేనికి?"

"పిన్నిగారూ, వదిలేయండి. ఆయన ఇష్టం," అనెను కచేరి.

పదునాలుగవ నిమిషమున, గొంతు చించుకొని పాడవలెనను కోరిక అరికాలినుండి ప్రాకి, మోకాలు దాటి కంఠము చేరుచున్న క్షణమున, కండక్టరుగారి యెడమచేయి ఒడినుండి లేచి, డ్రమ్మును తట్టెను.

ఒక దెబ్బ.

కచేరి ఆగిపోయెను. గిటారు తీగ ఆగెను, కూనిరాగము ఆగెను, మూలన పెన్సిలు ఆగెను. రెండవ పరీక్షనాటి ఘోరప్రమాదము ఈ ఘట్టముననే జరిగినది. ఆమె తన కంఠమునుద్దేశించి మనసులోనే ఇట్లు పలికెను: "ఓ కంఠమా! నిన్ను మిరియములతో పెంచితిని, తేనెతో నిమిరితిని, చల్లని నీరు సోకనీయక పదునైదేండ్లు కాచుకొంటిని. ఈ నాడొక్కనాడు నోరుమూసుకొని యుండుము. నీకు దండము పెట్టెదను. కదలితివా, ఈ పెద్దాయన కుర్చీ పోవును!"

కంఠము వినెను. పది క్షణములు. ఇరువది. ప్రక్కనుండి "అబ్బ, కొట్టారు చూ..." అని మొదలిడిన ఇల్లాలిని కచేరి కనుసైగతో నిలిపెను. ముప్పది. ముక్కుపై దురద పుట్టెను, వీరనారి గోకలేదు. నలుబదియేడవ క్షణమున ఆ చేయి మరల లేచెను.

రెండు దెబ్బలు. టక్, టక్.

రోగి వాయించినదానిని తిరిగి వాయింపవలెనని పాఠ్యగ్రంథమున నాలుగవ ప్రకరణము ఆదేశించుచున్నది. కచేరి ఆ ప్రకారము గిటారు వీపుపై రెండు తట్టెను. కండక్టరుగారు కనుబొమలు ముడిచిరి. ఈసారి గట్టిగా, విసుగుతో, మరల రెండు దెబ్బలు వేసిరి. ఏడు నెలలలో ఆ ముఖమున విసుగు కనబడుట అదియే ప్రథమము.

కచేరికి ఏమియు పాలుపోలేదు. ఇల్లాలు మాత్రము నోటికి చేయి అడ్డుపెట్టుకొని గుసగుసలాడెను.

"పోనీయమంటున్నారమ్మా! ఒకటి కొడితే ఆపు, రెండు కొడితే పోనీయ్. బస్సు మీద ఇలాగే కొట్టేవారు. నిన్ను ఆపారు, ఇప్పుడు బయల్దేరమంటున్నారు. బయల్దేరు, బయల్దేరు!"

బయలుదేరెను కచేరి. ఆపినచోటినుండియే, అదే కూనిరాగమును, అదే మెల్లని నడకలో. కండక్టరుగారు కిటికీవైపు తలతిప్పి, వీధి చూచుకొనుచు, గడ్డమును తాళమునకు ఆడించిరి. రాగము ముగింపునకు వచ్చెను. పదునైదేండ్ల అలవాటు బుసకొట్టి లేచెను. పతకవిజేతయగు పొడుగాటి గమకము నాలుక చివరకు వచ్చి, మొదటి మెలిక తిరిగి, రెండవ మెలిక తిరుగనున్న తరుణమున...

ఒక దెబ్బ.

సగము మెలికలో కచేరి నోరు మూసెను. వేయిమంది వన్స్‌మోర్ అన్న ఆ గమకము, అర్ధాయుష్కమై, అనాథమై, గదిలోనే ప్రాణము విడిచెను. దానికై ఎవరును చింతింపలేదు. కచేరి కంటి నీరు చెంపపైకి దిగినది దానికొరకు కాదు.

పర్యవేక్షకురాలు లేచి వచ్చి కాగితము చూపెను. "స్వయంగా నాలుగు స్పందనలు" అని అందున్నది. "రోగి చెప్పినట్టు నువ్వు విన్నావు. పాస్," అనెను. పిదప ఇల్లాలివైపు తిరిగి, "వచ్చే ఆరు నెలలూ ప్రతి మంగళవారం తీసుకురండి," అనెను.

అంతట ఆ ఇల్లాలి ఆనందమునకు గట్లు తెగినవి. "నే చెప్పలా, ఈయనకి అన్నీ తెలుసని? డాక్టరుగారితో కూడా అదే అన్నాను, లోపల మనిషి మనిషిలానే ఉన్నారండీ అని. ఈ డ్రమ్ము ఎక్కడ దొరుకుతుందమ్మా, ఇంటికి ఒకటి కొంటాను, మా చెల్లెలికి ఇప్పుడే..."

ఒక దెబ్బ.

ఇల్లాలు ఠక్కున ఆగెను. ఆమె ఆయనను చూచెను. ఆయన కిటికీనుండి కన్నులు మరల్చి, ఆమెనే చూచుచుండిరి. ఏడు నెలలుగా ఆమె అడిగినదానికి ఆమెయే బదులిచ్చుకొనుచుండగా, నేడు తొలిసారిగా అవతలినుండి మాట వచ్చినది. ఆపమన్నారు గనుక, ఆమె ఆగియుండెను. ఎంతసేపైనను ఆగును. ఆయనయు ఆమెను చాలసేపు చూచి, మెల్లగా, విసుగు లేకుండ, రెండు దెబ్బలు వేసిరి.

"...ఫోన్ చేస్తాను," అనెను ఇల్లాలు, ఏడ్చుచు.

ఇట్లు, మంగళవారము, పదునొకండు గంటల ముప్పదియొకటవ నిమిషమున, మూడవ అంతస్తున, లిఫ్టుకు కుడివైపున, నిశితకంఠాయుధధారిణి యగు కచేరి, నాలుగువందల గంటల మహాసంగ్రామమున, ఏ పాటను పూర్తిగా పాడక, ఏ గమకమును ముగింపక, నోరుమూసుకొని ఘనవిజయమును సాధించెను. దిక్కులు పిక్కటిల్లలేదు. పక్కగదిలో ఎవరికో సూది గుచ్చిరి. కచేరి ముక్కు గోకుకొనెను.